సర్వర్లలో డేటాబేస్‌ల బ్యాకప్, పునరుద్ధరణ



ఈనాటి మన పాఠ్యాంశం సర్వర్లలో ఉండే డేటాబేస్‌లకు బ్యాకప్ తీసుకోవడం, అవసరం వచ్చిన రోజున ఆ బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను తిరిగి నిలబెట్టడం. ఈ రెండో పనినే రిస్టోర్ అంటాం, తెలుగులో పునరుద్ధరణ అనవచ్చు. పాఠ్యపుస్తకాల్లో ఈ విషయానికి ఒకటిన్నర పేజీ దొరికితే గొప్ప. "బ్యాకప్ రకాలను వివరింపుము" అని పరీక్షలో ఒక చిన్న ప్రశ్న వస్తుంది, నాలుగు వాక్యాలు రాస్తే మార్కులు వచ్చేస్తాయి. ఉద్యోగంలో చేరాక ఇదే ప్రశ్న అర్ధరాత్రి ఫోన్ రూపంలో వస్తుంది. అప్పుడు నాలుగు వాక్యాలు చాలవు.

గాలిలో మాట్లాడుకోకుండా రెండు సర్వర్లను ఎదురుగా పెట్టుకుందాం. 300 కంప్యూటర్లున్న ఒక కళాశాలనో, జిల్లా కార్యాలయాన్నో ఊహించుకోండి. అక్కడి సర్వర్ గదిలో ఒకటి అప్‌డేట్ సర్వర్, రెండోది రిపోర్టుల సర్వర్. రెండూ వాడేది ఒకే రకం డేటాబేస్ ఇంజను, మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్. అయినా ఈ రెండింటికీ బ్యాకప్ గురించి ఒకే జవాబు పనికిరాదు. ఎందుకో చూద్దాం.

మొదట అప్‌డేట్ సర్వర్. ప్రతి నెలా విండోస్‌కు భద్రతా సవరణలు వస్తాయి. 300 కంప్యూటర్లూ విడివిడిగా ఇంటర్నెట్ నుంచి అవే ఫైళ్లను దించుకుంటే మన లైను మొత్తం దానికే సరిపోతుంది. అందుకని ఒక సర్వర్ మాత్రమే వాటిని దించుకుని, మిగతా కంప్యూటర్లకు లోపలి నెట్‌వర్క్‌లో పంచుతుంది. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్ పేరు విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్. ఇది 2005లో వచ్చింది. ఇకపై దీనికి కొత్త సదుపాయాలు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించినా, 2025 విండోస్ సర్వర్‌లో కూడా ఇది కొనసాగుతోంది. దీని డేటాబేస్ పేరు సస్‌డీబీ.

ఇదంత ముఖ్యమా అని అడుగుతారేమో. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు ఎస్‌క్యూఎల్ సర్వర్ మీదే దాడి చేసింది. దాని పరిమాణం 376 బైట్లు, అంటే మీరు రాసే ఒక చిన్న ఈమెయిల్ కంటే తక్కువ. లోపం ఉన్న సర్వర్లలో దాదాపు 90 శాతాన్ని అది పది నిమిషాల్లో పట్టుకుంది. ఆ లోపాన్ని సరిచేసే సవరణ 2002 జూలైలోనే విడుదలైంది, అంటే ఆరు నెలల ముందే మందు తయారుగా ఉంది. వేయించుకోనివాళ్లే పడిపోయారు. ఏ కంప్యూటర్‌కు ఏ మందు పడింది, దేనికి పడలేదు అన్న లెక్క ఉండే చోటు సస్‌డీబీ.

ఇక రిపోర్టుల సర్వర్. దీని పేరు రిపోర్టింగ్ సర్వీసెస్, 2004 నుంచి ఉంది. 2025 ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి దాని స్థానంలో పవర్ బీఐ రిపోర్ట్ సర్వర్‌ను ఇస్తున్నారు. హాజరు పట్టికలు, ఫీజు బకాయిలు, స్కాలర్‌షిప్ జాబితాలు, ఇలాంటి నివేదికలను అడిగినప్పుడు తయారుచేసి ఇవ్వడం, వారం వారం ప్రిన్సిపాల్‌గారి మెయిల్‌కు తనంతట తానే పంపడం దీని పని. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఈ సర్వర్ డేటాబేస్‌లో మీ హాజరు వివరాలు ఉండవు, మీ మార్కులు ఉండవు. అవి వేరే డేటాబేస్‌లో ఉంటాయి. ఇందులో ఉండేది నివేదికల నమూనాలు, వాటి ఫోల్డర్లు, ఎవరు చూడవచ్చు ఎవరు చూడకూడదు అన్న అనుమతులు, ఏ నివేదిక ఏ రోజు ఎవరికి వెళ్లాలన్న ఏర్పాట్లు, మార్కుల డేటాబేస్‌లోకి వెళ్లడానికి కావలసిన పాస్‌వర్డ్‌లు. ఇవన్నీ రిపోర్ట్‌సర్వర్ అనే డేటాబేస్‌లో ఉంటాయి. దాని పక్కనే రిపోర్ట్‌సర్వర్‌టెంప్‌డీబీ అని ఇంకొకటి ఉంటుంది. అందులో తాత్కాలికమైన సరుకు మాత్రమే ఉంటుంది.

ఇప్పుడు మీరు వేసుకోవలసిన ప్రశ్న: ఇందులో ఏది పోతే మళ్లీ ఎక్కడా దొరకదు?

అప్‌డేట్ సర్వర్‌లో అన్నిటికంటే ఎక్కువ చోటు తినేది అప్‌డేట్ ఫైళ్ల ఫోల్డర్. వందల గిగాబైట్లు ఉండవచ్చు. కానీ అది మొత్తం పోయినా మైక్రోసాఫ్ట్ నుంచి మళ్లీ దించుకోవచ్చు. సమయం పడుతుంది, అంతే. అప్‌డేట్ల వివరాల పట్టికలూ అంతే, మళ్లీ తెచ్చుకోవచ్చు. దొరకనిది వేరే ఉంది. మన 300 కంప్యూటర్లను మనం ఏ గుంపులుగా విడదీశాం, ఏ గుంపుకు ఏ అప్‌డేట్‌ను ఆమోదించాం, పరీక్షల విభాగంలోని పాత ప్రింటర్‌కు పడదని దేన్ని నిరాకరించాం, ఇవన్నీ మన నిర్ణయాలు. ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా తీసుకున్నవి. ఇవి సస్‌డీబీలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. పరిమాణంలో ఇవి కొద్ది మెగాబైట్లు కూడా ఉండకపోవచ్చు. పెద్ద ఫోల్డర్‌ను జాగ్రత్తగా టేపు మీదకు ఎక్కించి, చిన్న డేటాబేస్‌ను మరిచిపోయినవాళ్లు ఉన్నారు. ఇంకో చిన్న మాట. ఈ సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే ఎక్స్‌పోర్ట్ ఆదేశాన్ని బ్యాకప్ అనుకోకండి. అది అప్‌డేట్ల వివరాలను మాత్రమే బయటకు రాస్తుంది, మన ఆమోదాలను రాయదు.

ఆ బ్యాకప్ ఎలా తీస్తారు? ముందు డేటాబేస్ లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి.

మీలో ఇంటర్మీడియట్‌లో కామర్స్ చదివినవాళ్లకు చిట్టా, ఆవర్జా తెలుసు. కొట్టులో ఏ లావాదేవీ జరిగినా వరసగా ముందు చిట్టాలో రాస్తారు. తర్వాత తీరికగా ఆవర్జాలో ఎవరి ఖాతాలోకి వారిది ఎక్కిస్తారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ చేసేది కూడా అచ్చం ఇదే. మార్పు వచ్చిన వెంటనే లాగ్ ఫైల్‌లో రాస్తుంది, అది డిస్కు మీద పడ్డాకే "సరే, అయింది" అంటుంది. అసలు డేటా ఫైల్‌లోకి ఆ మార్పును తర్వాత ఎక్కిస్తుంది. లాగ్ చిట్టా, డేటా ఫైల్ ఆవర్జా. నడుమ కరెంటు పోతే ఆవర్జా అసంపూర్తిగా ఉంటుంది, కానీ చిట్టా చూసి సరిదిద్దుకోవచ్చు. డేటాబేస్ ఇంజను తిరిగి లేచినప్పుడల్లా చేసే మొదటి పని అదే.

సర్వర్ నడుస్తుండగా డేటా ఫైల్‌ను మామూలు ఫైల్‌లా కాపీ చేసుకోకూడదని అందుకే చెబుతారు. ఇంజను ఎలాగూ ఆ ఫైల్‌ను పట్టుకుని ఉంచుతుంది కాబట్టి మామూలుగా కాపీ కాదు. ఏదో ఉపాయంతో కాపీ చేసినా, చిట్టా లేకుండా సగం ఎక్కించిన ఆవర్జాను పట్టుకుపోయినట్టే. ఇంజనునే అడగాలి. బ్యాకప్ డేటాబేస్ అనే ఆదేశం ఇస్తే, పని ఆగకుండానే, ఆవర్జానూ దానికి కావలసినంత చిట్టానూ కలిపి ఒక ఫైల్‌గా ఇస్తుంది. ఇది పూర్తి బ్యాకప్, ఫుల్ బ్యాకప్ అంటారు. చివరి పూర్తి బ్యాకప్ తర్వాత మారిన భాగాలను మాత్రమే తీస్తే డిఫరెన్షియల్ బ్యాకప్. చిట్టాను మాత్రమే తీస్తే లాగ్ బ్యాకప్.

ఒక లెక్క చేద్దాం, నోటుపుస్తకం తీసుకోండి. ఫీజుల డేటాబేస్‌కు ఆదివారం రాత్రి 11 గంటలకు పూర్తి బ్యాకప్. మిగతా రోజుల్లో రాత్రి 11కు డిఫరెన్షియల్. పని రోజుల్లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా గంటకొక లాగ్ బ్యాకప్. గురువారం మధ్యాహ్నం 3 గంటల 20 నిమిషాలకు ఒక గుమాస్తా ఒక విద్యార్థి వరసను తొలగించబోయి, షరతు రాయడం మరిచిపోయి, పట్టిక మొత్తాన్ని తొలగించాడు. ఇప్పుడు ఏం చేయాలి?

కంగారులో అందరూ చేసేది వెంటనే పాత బ్యాకప్‌ను పైన వేసేయడం. అలా చేయకండి. 3 గంటల లాగ్ బ్యాకప్ తర్వాత ఆ 20 నిమిషాల చిట్టా ఇంకా సర్వర్ మీదే ఉంది. ముందు దాన్ని తీసి పక్కన పెట్టాలి. దీన్ని టెయిల్ లాగ్ అంటారు, చిట్టా తోక. ఆ తర్వాత ఆదివారం పూర్తి బ్యాకప్‌ను వేయాలి, కానీ "ఇంకా ఉంది, తలుపు తెరవకు" అని చెబుతూ వేయాలి. ఆ మాటకు ఎస్‌క్యూఎల్ సర్వర్ భాషలో నోరికవరీ అని పేరు. దాని మీద బుధవారం రాత్రి డిఫరెన్షియల్. సోమ, మంగళవారాలవి అక్కర్లేదు, ఎందుకంటే డిఫరెన్షియల్ ఎప్పుడూ ఆదివారం నుంచి మారినదంతా మోస్తుంది. దాని మీద గురువారం 9 గంటల లాగ్, 10, 11, ఇలా 3 గంటల లాగ్ దాకా వరసగా. ఉదయం 9 గంటల లాగ్‌లో బుధవారం సాయంత్రం 6 తర్వాత జరిగినదంతా ఉంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ రాదు. చివరగా తోక, "3 గంటల 19 నిమిషాల దగ్గర ఆగు" అన్న షరతుతో. ఆ తర్వాతే తలుపు తెరవాలి. పోయింది ఒక్క నిమిషం పని.

12 గంటల లాగ్ ఫైల్ కనబడలేదనుకోండి. అప్పుడు 11 గంటల దగ్గరే ఆగిపోతారు. 1, 2, 3 గంటల ఫైళ్లు చేతిలో ఉన్నా పనికిరావు. చిట్టాలో నడుమ ఒక పేజీ చిరిగిపోతే తర్వాతి పేజీలతో లెక్క ఎలా కుదరదో ఇదీ అంతే.

లాగ్ బ్యాకప్ కావాలంటే డేటాబేస్ ఫుల్ రికవరీ అనే పద్ధతిలో ఉండాలి. సింపుల్ అనే ఇంకో పద్ధతిలో ఇంజను చిట్టా పేజీలను పని అయిపోగానే తిరిగి వాడేసుకుంటుంది. అక్కడ నిమిషాల లెక్క కుదరదు, చివరి బ్యాకప్ నాటి స్థితికే వెళ్లగలం. అయితే ఫుల్ పద్ధతిలో పెట్టి లాగ్ బ్యాకప్ తీయకపోవడం ఇంకో తప్పు. ఆ లాగ్ పెరుగుతూ పెరుగుతూ డిస్కు నిండేదాకా పోతుంది. పూర్తి బ్యాకప్ రోజూ తీస్తున్నాం కదా అంటారు. పూర్తి బ్యాకప్ లాగ్‌ను ఖాళీ చేయదు.

మన అప్‌డేట్ సర్వర్‌కు ఈ నిమిషాల లెక్క అవసరమా? నా ఉద్దేశంలో అక్కర్లేదు. నిన్న రాత్రి స్థితికి వెళితే పోయేది ఒక రోజు ఆమోదాలు, వాటిని మళ్లీ ఇచ్చుకోవచ్చు. కంప్యూటర్లు తమ పరిస్థితిని తామే మళ్లీ నివేదిస్తాయి. రోజుకొక పూర్తి బ్యాకప్ చాలు. ఒక చిక్కు ఉంది. ఈ సర్వర్‌ను చాలాచోట్ల విండోస్ ఇంటర్నల్ డేటాబేస్ అనే ఉచిత ఇంజనుతో పెడతారు. అందులో వేళకు పనులు నడిపే ఏజెంట్ ఉండదు, బయటి కంప్యూటర్ నుంచి దానికి కనెక్ట్ కావడమూ కుదరదు. అందుకే దానికి బ్యాకప్ ఉండదేమో అనుకుని వదిలేస్తారు. బ్యాకప్ ఆదేశాన్ని ఒక చిన్న ఫైల్‌లో రాసి, అదే సర్వర్ మీద విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే సరిపోతుంది. తిరిగి నిలబెట్టేటప్పుడు ముందు అప్‌డేట్ సర్వీసునూ దాని వెబ్ భాగాన్నీ ఆపాలి, డేటాబేస్‌ను రిస్టోర్ చేయాలి, సర్వీసులను లేపాలి, ఆ తర్వాత డబ్ల్యుసస్‌యుటిల్ అనే పనిముట్టుతో రీసెట్ ఆదేశం ఇవ్వాలి. డేటాబేస్‌లో ఉన్నాయని రాసి ఉన్న ఫైళ్లు నిజంగా ఫోల్డర్‌లో ఉన్నాయా అని అది ఒక్కొక్కటే సరిచూసి, లేనివాటిని మళ్లీ దించుతుంది. గంటలు పట్టవచ్చు. మధ్యలో ఆగిపోయిందనుకుని సర్వర్‌ను ఆపకండి.

రిపోర్టుల సర్వర్ దగ్గర అసలు మెలిక వేరే చోట ఉంది. ఇది నేను కళ్లారా చూసిన సంగతి, ఊరూ పేరూ మనకు అక్కర్లేదు. ఒక కార్యాలయంలో రిపోర్టుల సర్వర్ డిస్కు పోయింది. బ్యాకప్ ఉంది, అదీ నిన్నటిదే. కొత్త యంత్రం మీద రిపోర్ట్‌సర్వర్ డేటాబేస్‌ను గంటలో నిలబెట్టారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నివేదికల జాబితా మొత్తం తెర మీద కనబడుతోంది, ఫోల్డర్లు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి. ఏ నివేదిక మీద నొక్కినా తెరుచుకోదు. ఇందాక చెప్పాను కదా, అందులో పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయని. వాటిని సర్వర్ మామూలు అక్షరాల్లో దాచదు, ఒక తాళంచెవితో సంకేతాలుగా మార్చి దాస్తుంది. ఆ తాళంచెవిని వాడుకునే హక్కు పాత యంత్రం మీది సర్వీసుకే ఉంది, ఆ యంత్రం పోయింది. పెట్టె దొరికింది, తాళంచెవి లేదు. చివరికి సంకేతాలుగా ఉన్నదంతా తొలగించి, ప్రతి నివేదికకూ పాస్‌వర్డ్‌ను మళ్లీ ఇచ్చుకుంటూ రావలసి వచ్చింది. వాటిలో కొన్ని ఒక ఉద్యోగికే తెలుసు, ఆయన అప్పటికే బదిలీ అయి వెళ్లిపోయాడు. ఆ వారం పంపవలసిన స్కాలర్‌షిప్ జాబితాలు ఆగిపోయాయి. ఆ డబ్బు కోసం ఎదురుచూసే పిల్లలకు ఇదంతా ఏం తెలుస్తుంది? ఆఫీసులో ఆలస్యం చేస్తున్నారని మాత్రమే తెలుస్తుంది.

తాళంచెవిని బయటకు తీసి పెట్టుకోవడానికి పట్టేది రెండు నిమిషాలు. రిపోర్టింగ్ సర్వీసెస్ కాన్ఫిగరేషన్ పనిముట్టులో ఎన్‌క్రిప్షన్ కీస్ అనే పేజీ ఉంటుంది, అక్కడ బ్యాకప్ నొక్కి, ఒక పాస్‌వర్డ్ ఇచ్చి, వచ్చిన చిన్న ఫైల్‌ను డేటాబేస్ బ్యాకప్‌కు దూరంగా భద్రపరచాలి. పెట్టెనూ తాళంచెవినీ ఒకే సంచిలో పెట్టకూడదు కదా. ఆ పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి బీరువాలో ఉంచడం పాతకాలపు పద్ధతే అయినా మంచి పద్ధతి. సర్వీసు నడిచే ఖాతాను మార్చినప్పుడూ, సర్వర్‌ను మార్చే ముందూ ఆ ఫైల్ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి. టెంప్‌డీబీ సంగతి అడుగుతారేమో. అందులోని సరుకు పోయినా నష్టం లేదు, కానీ ఆ డేటాబేస్ అనేది లేకపోతే సర్వర్ లేవదు. అందుకని దానికీ ఒక బ్యాకప్ ఉంచుకుంటే మళ్లీ తయారుచేసే శ్రమ తప్పుతుంది. ఒకటి మాత్రం మనకు కలిసొస్తుంది. వారం వారం నివేదికలు పంపే ఏర్పాట్లను కొత్త యంత్రం మీద విడిగా రాయనక్కర్లేదు, రిపోర్ట్‌సర్వర్ డేటాబేస్‌ను చూసి సర్వీసే వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది.

ఇక్కడిదాకా బ్యాకప్ ఉంది అన్న నమ్మకంతో మాట్లాడాం. ఆ నమ్మకం సరైనదేనా?

గిట్‌ల్యాబ్ అనే సంస్థ పేరు మీలో ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు విని ఉంటారు. 2017 జనవరి 31న అక్కడ జరిగినదాన్ని ఆ సంస్థే దాచకుండా ప్రపంచానికి చెప్పింది. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ కాదు, పోస్ట్‌గ్రెస్. పాఠం మాత్రం ఒకటే. వాళ్లకు రెండు డేటాబేస్ సర్వర్లున్నాయి, ఒకటి అసలుది, ఒకటి దాని వెంట నడిచే నకలు. ఆ రాత్రి నకలు వెనకబడిపోయింది. ఒక ఇంజనీరు రాత్రి పొద్దుపోయేదాకా దాన్ని సరిచేస్తూ, నకలు మీదున్న పాత డేటాను తుడిచేద్దామని ఆదేశం ఇచ్చాడు. ఆ ఆదేశం పడింది అసలు సర్వర్ మీద. ఒకటి రెండు సెకన్లలో గ్రహించి ఆపాడు. అప్పటికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర గిగాబైట్లు మిగిలాయి.

సరే, బ్యాకప్ తీయండి అన్నారు. రోజూ తీసే బ్యాకప్‌ల చోటు చూస్తే ఖాళీ. బ్యాకప్ తీసే పనిముట్టు 9.2 రకం, డేటాబేస్ 9.6 రకం. రెండూ కుదరక ప్రతిసారీ ఆ పని విఫలమవుతూనే ఉంది. విఫలమైతే ఈమెయిల్ పంపే ఏర్పాటు ఉంది. ఆ ఈమెయిళ్లను సరైన ధ్రువీకరణ లేదని మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. అంటే బ్యాకప్ పోయింది, పోయిందని చెప్పే గొంతూ పోయింది. డిస్కుల స్నాప్‌షాట్ సదుపాయం డేటాబేస్ సర్వర్లకు పెట్టలేదు. వెంట నడిచే నకలు అప్పటికే పాడై ఉంది. వాళ్లను ఆదుకున్నది ఏ వ్యవస్థా కాదు. అదే ఇంజనీరు ఆ సాయంత్రం వేరే పరీక్ష కోసం చేత్తో తీసుకున్న ఒక స్నాప్‌షాట్. దాదాపు ఆరు గంటల పాతది. దాన్ని తీసుకొచ్చి సేవను నిలబెట్టేసరికి మరుసటి రోజు సాయంత్రమైంది. ఆ ఆరు గంటల్లో జనం రాసుకున్నవి పోయాయి. దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయని సంస్థ లెక్కచెప్పింది.

ఇందులో ఆ ఇంజనీరును తప్పుపట్టడం తేలిక. అలసిపోయిన మనిషి తప్పు కిటికీలో తప్పు ఆదేశం ఇవ్వడం ఎప్పుడూ జరిగేదే, రేపు మీరూ ఇస్తారు, నేనూ ఇస్తాను. దానికోసమే కదా బ్యాకప్. నెలకొకసారి ఎవరైనా ఆ బ్యాకప్ ఫైల్‌ను తెరిచి వేరే యంత్రం మీద నిలబెట్టి చూసి ఉంటే, ఆ ఖాళీ చోటు ముందే బయటపడేది.

రెప్లికా, అంటే వెంట నడిచే నకలు, బ్యాకప్ కాదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోండి. అసలులో పొరపాటున తుడిచేస్తే నకలులోనూ క్షణాల్లో తుడిచేస్తుంది. అది పోయిన సర్వర్ బదులు నిలబడుతుందే గానీ, పోయిన నిన్నటిని తెచ్చివ్వదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో రిస్టోర్ వెరిఫైఓన్లీ అనే ఆదేశం ఉంది. బ్యాకప్ ఫైల్ పూర్తిగా ఉందా, చదవడానికి వస్తుందా అని అది చూస్తుంది. దాంతోనే తృప్తిపడేవాళ్లున్నారు. లోపలి డేటా సక్రమంగా ఉందా లేదా అన్నది అది చెప్పదు. సర్వర్ మీద డేటాబేస్ ఎప్పుడో పాడై ఉంటే, పాడైనదాన్నే రోజూ జాగ్రత్తగా బ్యాకప్ తీస్తుంటాం. వేరే యంత్రం మీద నిజంగా రిస్టోర్ చేసి, డీబీసీసీ చెక్‌డీబీ అనే పరీక్ష నడిపి, రెండు మూడు నివేదికలు తెరిచి చూస్తేనే తెలుస్తుంది. అప్పుడే ఇంకో సంగతీ బయటపడుతుంది. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్ మీద ఎక్కదు. అత్యవసరానికని పక్కన పెట్టిన పాత యంత్రం పదేళ్ల కిందటిదైతే, ఆ రోజున అది బొమ్మే.

ఎక్కడ దాచాలన్నది ఒక మాటలో చెబుతాను, అదే గదిలో మాత్రం వద్దు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీల మంట చెలరేగింది. ఉద్యోగులు తమ దస్త్రాలు దాచుకునే ఒక వ్యవస్థలోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టలేమని పెట్టలేదు. మంట కాకపోతే వైరస్. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. దానికీ సవరణ రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. ఇలాంటి వైరస్‌లు చేతికందిన ప్రతి ఫైల్‌నూ తాళం వేస్తాయి, నెట్‌వర్క్‌లో తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్కునూ వదలవు. అందుకే ఒక నకలైనా తీగ ఊడదీసి, వేరే భవనంలో ఉండాలి. ఆ నకలును ఎవరు పట్టుకుపోయినా మీ డేటాబేస్‌ను పట్టుకుపోయినట్టే కాబట్టి తాళం వేసిన చోట ఉండాలి.

ఇప్పుడు మీకు ప్రయోగశాల పని. ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితంగా దొరుకుతుంది, మీ ల్యాబ్‌లో వేయించుకోండి. పది మంది విద్యార్థుల పేర్లతో ఒక చిన్న పట్టిక తయారుచేయండి. ఎక్స్‌ప్రెస్‌లో కొత్త డేటాబేస్ సింపుల్ పద్ధతిలోనే పుడుతుంది, దాన్ని ఫుల్‌కు మార్చండి. మార్చిన తర్వాతే పూర్తి బ్యాకప్ తీయండి, ముందు తీసినది లాగ్‌కు పునాదిగా పనికిరాదు. ఇంకో ఇద్దరి పేర్లు చేర్చండి. గడియారం చూసి టైము రాసుకోండి. రెండు నిమిషాలు ఆగి పట్టిక మొత్తం తుడిచేయండి. భయపడకండి, అది మీదే. ఇప్పుడు లాగ్ బ్యాకప్ తీసి, రెండింటినీ వేరే పేరుతో, వేరే ఫైళ్లలోకి రిస్టోర్ చేసి, మీరు రాసుకున్న టైము దగ్గర ఆపండి. పన్నెండు పేర్లూ వచ్చాయా, పదే వచ్చాయా, ఎందుకు? జవాబును ఆదేశాలతో సహా రికార్డులో రాసి మీ అధ్యాపకులకు చూపించండి. ఎవరికైనా మొదటిసారే సరిగ్గా వస్తే, టైమును ఒక నిమిషం వెనక్కి జరిపి మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో డేటాబేస్ అనుమతుల గురించి, ఆ గుమాస్తాకు పట్టిక మొత్తాన్ని తుడిచే అధికారం అసలు ఎందుకుందో మాట్లాడుకుందాం.